చూసిరావడం, మొక్కిరావడం

గుడికి పోయి, కళ్ళారా చూసి, ఏమీ అడగకుండా, ఏమీ మొక్కుకోకుండా తిరిగొస్తే అది దేవుని దగ్గరికి పోయినట్టా, ఊరు చూసొచ్చినట్టా? మా పాప ఫోనులో అడిగిన ఈ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

పాప జపానులో, టోక్యో పక్కన కవాసాకిలో ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం రైలెక్కి కామాకురా పోయింది. కితా-కామాకురా స్టేషన్లో దిగితే ఎంగకుజి మఠం స్టేషనును ఆనుకునే ఉంటుందట. రైలు పట్టాలు మఠం స్థలంలోంచే పోతాయి. మంగోలులతో జరిగిన యుద్ధాల్లో చచ్చిపోయిన రెండు పక్షాల వాళ్ళ ఆత్మశాంతి కోసం 1282లో కట్టిన మఠం అది. అక్కణ్ణించి హచిమాన్ దేవుని గుడి, ఆ తర్వాత ఎనోదెన్ అనే చిన్న రైల్లో హాసే, అక్కడ ఆరుబయట కూర్చున్న కంచు బుద్ధుడు. ఆయనకు ఒకప్పుడు పెద్ద మందిరం ఉండేది. 15వ శతాబ్దంలో ప్రకృతి దాన్ని తీసుకుపోయింది, మళ్ళీ కట్టలేదు. సాయంత్రానికి ఎనోషిమా దీవిలో వాద్యం ఒళ్ళో పెట్టుకున్న బెంజైతెన్. ఆమె మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా నడిచి అక్కడికి చేరింది.

పాప దగ్గర ఒక మడతల పుస్తకం ఉంది. గుళ్ళో మూడొందలో ఐదొందలో యెన్లు ఇస్తే అందులో ఎర్రముద్రలు వేసి, దానిమీద కుంచెతో గుడి పేరు, ఆ రోజు తేదీ రాసిస్తారు. వెనకటికి అక్కడ సూత్రగ్రంథం చేత్తో రాసి గుడికి సమర్పించినవాళ్ళకు ఇచ్చే గుర్తు అది. ఇప్పుడు ఎవరికైనా ఇస్తారు. "అమ్మా, రోజంతా చాలా బాగుండింది. రాత్రి రూముకొచ్చి ఆ పుస్తకం తిరగేస్తుంటే, నేను చేసింది భక్తా షికారా అనిపించింది. ఎక్కడా ఏమీ అడగలేదు. నాది కాని దేవునికి మొక్కొచ్చో లేదో కూడా తెలీలేదు. ఊరికే చూసినాను" అనింది.

దేవుడు అంతటా ఉన్నాడు, ఎక్కడ చూసినా ఒకటే అని చెప్పి ఫోను పెట్టేయొచ్చు. అది అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల అడిగింది దేవుడు ఎక్కడున్నాడని కాదు, తాను ఎక్కడ నిలబడిందని. బడిలో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని, పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటీ నేను చెప్పే జవాబు ఇంకొకటీ అయితే నాకు నిద్ర పట్టదు. అందుకని మా దిక్కునే ఒక రోజు అట్లా తిరిగి చూద్దామనుకున్నాను, రైల్లోనే.

ఇక్కడ రైలు గురించి ఒక మాట. మద్రాసు నుంచి బొంబాయికి ఎర్రగుంట్ల మీదుగా పోయే రైలుదారి 1871కల్లా రాయచూరు దగ్గర కలిసిపోయింది. జపానులో మొట్టమొదటి రైలు నడిచింది 1872లో. అంటే మా జిల్లా జనం వాళ్ళకన్నా ముందే రైలు చూసినారు. కానీ పక్కనే ఉన్న మా ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ రైలు రావడానికి ఈ శతాబ్దం దాకా ఆగాల్సొచ్చింది. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల లైను ప్రారంభమయ్యేదాకా మేం మూటాముల్లె బస్సులో వేసుకుని, పెన్న దాటి, ఎర్రగుంట్లకు పోయి రైలెక్కేవాళ్ళం. పులివెందులకు రైలు లేనేలేదు. అటు పోయేవాళ్ళు ముద్దనూరులో దిగి బస్సు పట్టుకోవాల్సిందే. జపానులో మాత్రం రైళ్ళు గుళ్ళను వెతుక్కుంటూ పోయాయి. పాప ఉండే కవాసాకిలోనే, అక్కడి దైషి గుడికి భక్తుల్ని చేరవేయడానికని 1899లో కరెంటు రైలు వేసినారు. కొత్త సంవత్సరం నాడు పేరున్న గుడికి పోయి రావడం అక్కడ ఇప్పుడు పెద్ద ఆచారం. దాన్ని అంత పెద్దది చేసింది రైలు కంపెనీలేనని చరిత్రకారులు చెబుతారు. ఆ ఆచారం భక్తా, షికారా అని వేరు చేయబోతే చేతికి రాదు.

గండికోటకు బయల్దేరితే నాతో మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. ఆమెకు షికారు అనేది తెలియదు. ఎక్కడికి బయల్దేరినా సంచిలో ఒక టెంకాయ, పసుపు, కుంకుమ, అగ్గిపెట్టె, కర్పూరం ఉండాల్సిందే. ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన మనిషి. అమ్మవారిశాలలో దసరా పది రోజులూ ఏ రోజు అమ్మవారికి ఏ అలంకారమో, ఏ ఏడు ఏ వాన పడిందో అన్నీ చెబుతుంది. జమ్మలమడుగు దాకా కిటికీ పక్కనే కూర్చుంది. బయట నల్లరేగడిలో పప్పుశనగ చేలు పచ్చగా ఉన్నాయి. బొరుగులూ ఉల్లిగడ్డా కలుపుకుని తిన్నాం. "గండికోటలో ఏం సామి ఉన్నాడే?" అని అడిగింది. మాధవరాయుడు అని చెప్పినాను. ఆమెకు ఆ పేరు తెలుసు. వాళ్ళ జేజి, అంటే మా ఆయనకూ జేజే, గండికోట కింది పల్లె నుంచి వచ్చిన మనిషి. పొద్దున్నే ఆ దిక్కుకు తిరిగి చేతులెత్తేదంట. కోటలోకి పోయిందో లేదో వదినకు తెలీదు. చేతులెత్తడం మాత్రం చిన్నప్పుడు చూసింది.

జమ్మలమడుగు నుంచి కోటకు సుమారు 15 కిలోమీటర్లు. ఆటోలో పోయినాం. పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసిన లోయ గురించి నేను రాయబోవడం లేదు. దాని ఫోటోలు అందరూ చూసినారు. ఆ అంచున నిలబడి ఫోటోలు తీసుకుని, గుళ్ళ వైపు తొంగి కూడా చూడకుండా పోయేవాళ్ళే ఎక్కువ. మేం నేరుగా మాధవరాయుని గుడికి పోయినాం. గోపురం అంతస్తులు అంతస్తులుగా, ఎర్రని రాతితో, దూరం నుంచి చూస్తే నిన్ననే కట్టినట్టుంది. దగ్గరికి పోతే రాయి పొరలు పొరలుగా లేస్తున్న చోట్లు కనబడతాయి. మండపంలో స్తంభాల మీద దేవుళ్ళూ దేవతలూ, పూలూ లతలూ, చెయ్యి పెట్టి తడమాలనిపించే పని. కొన్ని స్తంభాల మీద సుద్దతోనో మేకుతోనో ప్రేమికుల పేర్లు. గర్భగుడిలో ఏమీ లేదు. చీకటి, గబ్బిలాల వాసన, చల్లని రాయి. అంతే.

లోపలికి పోయేముందే కాపలా అతను వదిన సంచి చూసి, "అవ్వా, టెంకాయ కొట్టకూడదు, కర్పూరం వెలిగించకూడదు. చూసి రాండి" అన్నాడు. మర్యాదగానే చెప్పినాడు. అతని ఉద్యోగం అది. పూజ ఆగిపోయిన స్థితిలో పురావస్తు శాఖ చేతికి వచ్చిన గుడిలో మళ్ళీ పూజ మొదలుపెట్టనివ్వరు, అది వాళ్ళ నియమం. నాకు ఆ నియమం మీద కోపం లేదు. నూనె జిడ్డూ కర్పూరం మసీ ఆ శిల్పాలను ఏం చేస్తాయో పూజ జరిగే ఎన్నో పాత గుళ్ళలో చూసినదాన్ని. కానీ అతను చెప్పిన మాట నన్ను ఆపేసింది. చూడొచ్చు, మొక్కకూడదు. గుడిలోకి రావడానికి షికారు మనిషికి మాత్రమే అనుమతి ఉన్న చోటు ఇది.

పాప ఇంతకుముందు ఒకసారి ఇసే పోయొచ్చింది. సూర్యదేవత అమతెరాసు ఉండే చోటు, జపాను వాళ్ళకు అన్నిటికన్నా పెద్ద క్షేత్రం. అక్కడ భక్తులు బయటి ద్వారం దగ్గరే ఆగిపోవాలి. ముందు తెల్లని తెర. లోపల దేవత ఆనవాలుగా ఉండే అద్దాన్ని ఎవరూ చూడరు. మెట్ల పైకి పోతే ఫోటో కూడా తీయకూడదు. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, ఇంకోసారి వంగి దండం పెట్టి రావాలి. నగానోలో జెంకోజి అనే బౌద్ధాలయం ఉంది, అందులో మూలమూర్తిని గుడి పెద్దలు కూడా చూడరంట. ఆరేళ్ళకోసారి చూపించేది దాని ప్రతిరూపాన్నే. అంటే అక్కడ మొక్కొచ్చు, చూడకూడదు. గండికోట నియమం దానికి సరిగ్గా తిరగేసి రాసినట్టుంది. మనకు మాత్రం గుడి అంటే చూడ్డమే ప్రాణం. తిరుమలలో గంటల తరబడి కంపార్టుమెంట్లలో కూర్చునేది ఒక్క క్షణం చూపు కోసమే. అట్లాంటి మనకు కూడా చిదంబరం ఉంది. తెర తీస్తే లోపల బంగారు మారేడు దండలు తప్ప విగ్రహం లేని చోటు. ఖాళీని చూపించి దేవుడంటే నమ్మేవాళ్ళమే మనం. మరి గండికోట ఖాళీ ఎందుకు వేరుగా ఉంటుంది?

గర్భగుడి గడప దగ్గర వదిన కాసేపు నిలబడింది. చెప్పులు ఎప్పుడో బయట విడిచింది, ఎవరూ చెప్పలేదు. "ఈడ సామి లేడు మే. ఎల్లిపోయినాడు" అనింది. అని, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. "లేడంటావు, మళ్ళీ మొక్కుతావేంది వదినా?" అంటే, "ఉన్నాడని మొక్కలేదు. మా జేజి మొక్కేది" అనింది. ఆ తర్వాత మండపంలో పడున్న చిప్సు ప్యాకెట్లూ నీళ్ళ సీసాలూ ఏరి కొంగులో వేసుకుని బయటికి తెచ్చింది.

దేవుడు వెళ్ళిపోయాడన్న వదిన మాటకు శాస్త్రంలోనూ ఆధారం ఉంది. ప్రతిష్ఠ చేసినప్పుడు విగ్రహంలోకి ఆవాహన చేసిన సాన్నిధ్యం నిత్యపూజతో నిలబడుతుందనీ, పూజ తప్పితే ప్రాయశ్చిత్తం, సంప్రోక్షణ కావాలనీ ఆగమాలు చెబుతాయి. మరమ్మతులు వచ్చినప్పుడు ఆ సాన్నిధ్యాన్ని కలశంలోకి తీసుకుని బాలాలయంలో పెట్టి, పని ముగిశాక మళ్ళీ మూలమూర్తిలోకి పంపుతారు. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరుగుతుంది, 2018 ఆగస్టులో జరిగింది. యాదాద్రిలో కొత్త గుడి కట్టినన్నాళ్ళూ స్వామి బాలాలయంలోనే పూజలందుకుని, 2022 మార్చిలో లోపలికి పోయినాడు. ఇసేలోనూ ఇట్లాంటిదే ఉంది. ఇరవై ఏళ్ళకోసారి పక్కనున్న ఖాళీ స్థలంలో అచ్చం అట్లాంటి చెక్క గుడి కొత్తగా కట్టి, రాత్రిపూట దేవతను అందులోకి తీసుకుపోతారు. 690లో మొదలైందట. 2013లో జరిగింది, మళ్ళీ 2033లో జరగాలి. అయితే నన్ను ఎక్కువ పట్టుకున్న సంగతి వేరే ఉంది. నడుమ యుద్ధాల కాలంలో నూరేళ్ళకు పైగా ఆ పని ఆగిపోయింది. ఆగిపోయినదాన్ని మళ్ళీ ఎత్తుకున్నారు.

అద్వైతి దీన్ని ఒప్పుకోడు. ఎక్కడికి పోతాడు, ఎక్కణ్ణించి వస్తాడు, అంతా నిండి ఉన్నదానికి రాకపోకలేమిటి అంటాడు. నేను అద్వైతం చదివి పెరిగినదాన్నే, ఆ మాటకు ఎదురు చెప్పలేను. కానీ ఆగమం దేవుని స్వభావం గురించి మాట్లాడుతున్నట్టు నాకు తోచడం లేదు. మనుషులు దేవునికి ఇచ్చిన మాట గురించి మాట్లాడుతోంది. రాయిని నిలబెట్టి, నువ్విక్కడ ఉండు, నీకు రోజూ నీళ్ళు పోస్తాం, అన్నం పెడతాం, దీపం పెడతాం అని పిలిచినారు. పిలిచినవాళ్ళు రావడం మానేసినారు. అప్పుడు తెగిపోయింది దేవుని ఉనికి కాదు, మనిషి మాట.

గండికోటకు ఏమైందో చరిత్ర పుస్తకాల్లో ఉంది. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. వజ్రాల వ్యాపారం మీద వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ 1652లో ఆయన్ను ఇక్కడే కలిసినాడు. టావెర్నియర్ ఒక ముచ్చట రాసిపెట్టాడు. మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలను తెప్పించి ఫిరంగులు పోయమని క్లోడ్ మయే అనే ఫ్రెంచివానికి అప్పజెప్పినాడంట. తక్కినవన్నీ కరిగినాయి. ఈ గండికోట గుడివి ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదు. పూజారులు మంత్రం వేసినారని మీర్ జుమ్లా వాళ్ళ మీద మండిపడినాడు. చివరికి ఆ మయే ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా పోయలేకపోయాడని టావెర్నియర్ రాత. అంత దళసరి లోహానికి కొలిమి చాలలేదని ఒకరనొచ్చు, సామి మహిమని ఇంకొకరనొచ్చు. నాకు కావలసింది ఆ తర్వాతి మాట. నిప్పుకు కరగని విగ్రహాలున్న గుళ్ళో కూడా పూజ ఆగిపోయింది. పూజను నిలబెట్టేది విగ్రహం బలం కాదన్నమాట, పొద్దునా సాయంత్రమూ గడప తొక్కే మనుషులు.

దీన్ని ఒక మతం ఇంకొక మతానికి చేసిన అన్యాయంగా మాత్రమే చెప్పేవాళ్ళున్నారు. కానీ మా జిల్లాలోనే, జమ్మలమడుగుకు దగ్గర్లో, పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. అక్కడ ఇసుకలో కూరుకుపోయిన జైన ఆలయం 20వ శతాబ్దం మొదట్లో తవ్వకాల్లో బయటపడింది. పార్శ్వనాథుని పెద్ద విగ్రహం దొరికింది. శాంతినాథుని అభిషేకానికి రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు, అంటే మూడవ ఇంద్రుడు, 10వ శతాబ్దంలో చేయించిన పీఠం దొరికింది. కొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఆ ఊళ్ళలో జైనం ఇప్పుడు లేదు. పీఠం మీద ఒకప్పుడు నీళ్ళు పోసిన చేతుల వారసులు ఎవరో ఎవరికీ తెలీదు. జపానులోనూ అంతే. 1868లో ప్రభుత్వం బుద్ధుణ్ణీ స్థానిక దేవతలనూ వేరు చేయమని ఆజ్ఞ వేస్తే, పాప చూసొచ్చిన హచిమాన్ గుడి ఆవరణలోని బౌద్ధ కట్టడాలను కూల్చేసినారు. అంతకుముందు వందల ఏళ్ళు ఒకే చోట కలిసి పూజలందుకున్న దేవుళ్ళు వాళ్ళు. సైన్యం ఒకచోట, ప్రభుత్వ కాగితం ఒకచోట, ఉత్త మరుపు ఒకచోట. ఏది పడగొట్టినా, మళ్ళీ వచ్చి ఎత్తుకునేవాళ్ళు ఉన్నచోట ఎత్తుకున్నారు, లేనిచోట లేదు.

మళ్ళీ వచ్చేవాళ్ళు. గండికోట మండపంలో కూర్చుని ఆ మాట దగ్గరే ఆగినాను. చూసేవానికీ మొక్కేవానికీ తేడా గుండెలో పొంగే భావంలో లేదని నాకు అనిపిస్తుంది. చూసేవానికే ఒక్కోసారి ఎక్కువ పొంగుతుంది. ఆ స్తంభాల ముందు నా కళ్ళు చెమర్చినాయి, వదినకు చెమర్చలేదు. తేడా రుణంలో ఉంది. చూసినవాడు ఎవరికీ బాకీ లేకుండా వెళ్ళిపోతాడు. మళ్ళీ రాకపోయినా ఏమీ తప్పదు. మొక్కినవానికి బాకీ ఉంటుంది, వాడు తిరిగి రావాలి.

మొక్కంటే దేవునితో బేరం కదా, పరీక్ష పాసైతే టెంకాయ, కొడుకు పుడితే తలనీలాలు అని చదువుకున్నవాళ్ళు చులకన చేస్తారు. బేరం ఉంది, కాదనను. కానీ మా పుట్టిల్లు వేంపల్లె దిక్కు. మా ఇలవేల్పు గండి వీరాంజనేయస్వామి. మా తమ్మునికి చిన్నప్పుడు జ్వరం తిరగబెడితే మా అమ్మ వాని తలనీలాలు గండికి మొక్కుకుంది. తీర్చకముందే ఆమె పోయింది. వాడు మీసాలొచ్చి, లారీ నడిపే రోజుల్లో, ఒక శ్రావణ శనివారం పోయి తల ఇచ్చి వచ్చినాడు. జ్వరం తగ్గి ఎన్నో ఏళ్ళైంది. బేరమే అయితే దానితోనే ముగిసిపోవాలి. వాడు తీర్చింది జ్వరం ధర కాదు, అమ్మ మాట.

గండి స్థలపురాణం కూడా ఈ సంగతే చెబుతుంది. సీతను వెతుక్కుంటూ పోతున్న రాముణ్ణి, అక్కడ తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు తన ఆతిథ్యం తీసుకొమ్మన్నాడు. ఇప్పుడు కాదు, తిరుగుదారిలో వస్తానని రాముడు మాటిచ్చినాడు. రావణవధ అయ్యాక వచ్చినాడు. ఆయన వస్తున్నాడని పాపఘ్ని కొండను చీల్చుకుని పోయే ఆ సందులో, ఈ కొండకూ ఆ కొండకూ వాయువు బంగారు తోరణం కట్టినాడు. అక్కడే రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుని రూపం గీసినాడనీ, ఎడమచేతి చిటికెనవేలు మాత్రం మిగిలిపోయిందనీ, తర్వాత శిల్పి ఆ వేలు చెక్కబోతే నెత్తురు కారిందనీ చెబుతారు. చిన్నప్పుడు మేమంతా ఆ వేలు కోసమే మెడ చాపి చూసేవాళ్ళం. పెద్దయ్యాక నాకు వేలు కన్నా ఆ తిరుగుదారి మాట గొప్పగా తోచింది. దేవుడే బాకీ పడి, వెనక్కి వచ్చి తీర్చుకున్న చోటు మా గండి.

అదే కథలో చూసినవానికీ చోటుంది. ఆ బంగారు తోరణం అందరికీ కనపడదు. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, గండి గుండా పోతూ తలెత్తి, ఈ తోరణం ఎవరు కట్టినారని అడిగినాడంట. పక్కనున్నవాళ్ళకు ఏమీ కనపడలేదు. అది కనపడినవాళ్ళు ఎక్కువ రోజులు ఉండరని పెద్దలు మనసులోనే అనుకున్నారు. 1827 జులై 6న పత్తికొండలో మన్రో కలరాతో చనిపోయినాడు. మావాళ్ళు ఈ కథను భయంగా చెప్పరు, గౌరవంగా చెబుతారు. పరాయి దేశం వాడు, పరాయి మతం వాడు, ఏమీ మొక్కనివాడు, తలెత్తి చూసినాడు, ఆయనకు కనపడింది. ఊరి జ్ఞాపకం ఆ చూపును భక్తుల వరసలోనే పెట్టుకుంది. గీతలో కృష్ణుడు తన్ను కొలిచేవాళ్ళను నాలుగు రకాలుగా చెప్పినప్పుడు కష్టంలో ఉన్నవాడూ, సంపద కోరేవాడూ, జ్ఞానీ మాత్రమే కాదు, తెలుసుకోవాలని వచ్చినవాణ్ణి కూడా లెక్కలో చేర్చినాడు. మా పాప ఆ రకం. ఆమె చూపును షికారని తీసిపారేయడానికి నాకు నోరు రాదు.

జమ్మలమడుగుకు తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి తలుపులు తీసినారు. ఇక్కడ అన్నీ ఉన్నాయి, గంట, తులసి వాసన, శఠగోపం, వరసలో నిలబడి పిల్లల్ని ఎత్తి చూపించే తల్లులు. పొద్దుటి నుంచి వదిన సంచిలో ఆ టెంకాయ అట్లే ఉంది. ఇక్కడ కొట్టేయమన్నాను. వదిన ఒప్పుకోలేదు. "ఇది మాధవరాయునిది. ఆయనకని పెట్టుకున్నా. ఇంకో సామికి ఎట్లా కొడతా?" మాధవుడన్నా వెంకటేశ్వరుడన్నా ఒకరే కదా అంటే, "నీకు ఒకరే. నేను మాటిచ్చింది ఆయనకు" అనింది. లేడని తానే తేల్చిన సామికి ఇచ్చిన మాట అది. చివరికి అర్చకస్వామికే చెప్పినాం. ఆయన విని, నవ్వకుండా, విసుక్కోకుండా, సంకల్పంలో మా గోత్రం చెప్పి, గండికోట మాధవరాయస్వామి ప్రీత్యర్థం అని పలికి టెంకాయ కొట్టినాడు. వదిన ముఖం తేటపడింది. ఒక చిప్ప మాకిచ్చినారు. రాత్రికి దాంతోనే చట్నీ చేసుకున్నాం.

మాధవరాయుని గుడిలో మళ్ళీ విగ్రహం పెట్టాలని అడిగేవాళ్ళున్నారు. నేను అడగను. పెట్టడం ఒక్క రోజు పని. మర్నాడు నైవేద్యం ఎవరు పెడతారు? ఎండాకాలం నలభై మూడు డిగ్రీల్లో, కొండ మీద, జనం పెద్దగా లేని కోటలో, ఇరవై ఏళ్ళ తర్వాత, యాభై ఏళ్ళ తర్వాత కూడా ఎవరు దీపం పెడతారు? ఆ బాకీ నెత్తిన వేసుకునే ఇళ్ళు లేకుండా దేవుణ్ణి పిలిస్తే రెండోసారి మాట తప్పినట్టు. అంతకన్నా వదిన చేసినట్టు వచ్చి, చెప్పులు విడిచి, చెత్త ఏరి, మేకుతో గీసే పిల్లగాణ్ణి వారించి పోయేవాళ్ళు పదిమంది నికరంగా ఉంటే ఆ గుడికి ఇప్పుడు అదే పూజ. దానికి ఏ శాఖా అడ్డు చెప్పదు.

పాపకు ఇదంతా చెప్పినాను. ఎక్కువ గుళ్ళు చూడ్డం తప్పు కాదు, తిరుగు, చూడు. కానీ వాటిలో ఒకదానికి మళ్ళీ పో అన్నాను. మా ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి గుడిలో పుట్టపర్తి నారాయణాచార్యులు గారు రోజుల తరబడి ప్రదక్షిణలు చేస్తూనే శివతాండవం కట్టినారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆయన చూడని క్షేత్రాలా? అయినా తిరిగింది ఒకే గుడి చుట్టూ. "నీకు పక్కనే ఉంది కదా, ఆ రైలు వేసిన దైషి గుడి. అక్కడ మంటలో కట్టెలు వేసి మన హోమం లాంటిది చేస్తారని నువ్వే చెప్పినావు. దానికి పో" అన్నాను. ఆ గుడి కోబో దైషి పేరిట ఉంది, ఆయనకు ప్రతి నెలా 21వ తేదీ విశేషం.

"ఆయన ఎవరో నాకు సరిగ్గా తెలీదు కదమ్మా. నాకూ ఆయనకూ ఏం బాకీ?" అని అడిగింది. పక్కన కూర్చుని వింటున్న వదిన ఫోను లాక్కుని, "ఏం పాపా, ఆ ఊరి కూడు తింటాండావు కదా" అనింది.

పాప కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 21 ఈ నెల పనిరోజు వచ్చిందనీ, ఆఫీసుకు ముందు పొద్దున్నే గుడి తీస్తారో లేదో కనుక్కుంటాననీ అనింది. వదిన అప్పటికే శ్రావణంలో గండికి పోవడానికి ఏ శనివారం మంచిదో పంచాంగం వెతుకుతోంది.